మిర్చి కోల్డ్ స్టోరేజీలో నా గ్రాఫిక్స్ కార్డు

నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. బ్రాడీపేటలో మేడ మీద గది మాది. మే నెలలో శ్లాబు కాగిపోయి, లోపల అప్పడాలు ఎండబెట్టుకోవచ్చు. కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డును కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడిపించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. నాకది వ్యసనం. వేగం పెంచితే కార్డు వేడెక్కుతుంది. వేడి హద్దు దాటితే తనంతట తనే నెమ్మదిస్తుంది. కేసు మూత తీసేసి టేబుల్ ఫ్యాను పెట్టినా లాభం లేకపోయింది. అసలు వేడన్నదే లేకపోతే ఇది ఎంత దూరం పరిగెడుతుంది? ఆ ప్రశ్న బుర్రలో పడ్డాక అన్నం సయించలేదు.

మా అక్క భర్త మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. నా పనంటే పిల్లలాట అనుకుంటాడని నాకెప్పుడూ అనుమానమే. నా కంప్యూటర్‌కి అక్కడ కాస్త చోటిమ్మని అడిగితే పగలబడి నవ్వాడు.

"మిరపకాయలకు లేని రోగం నీ పెట్టెకొచ్చిందా మరదలా? పట్రా, ఓ మూల పడేద్దాం."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అంది అమ్మ. కార్డు కాలిపోతే నా సంపాదన ఆగిపోతుందని ఆమె భయం. నిజానికి నాకూ భయమే. ఇంకోటి కొనే స్తోమత లేదు. ఒప్పుకున్న పెళ్ళి వీడియో సగంలో ఉంది. అయినా వెళ్ళాను.

మిర్చి బస్తాల గుట్టల మధ్య శాలువా కప్పుకుని కూర్చున్నాను. పక్కన మంకీ క్యాప్‌తో బావ. వేగం కొంచెం కొంచెంగా పెంచాను. ఇంట్లో చేతులెత్తేసే చోటు దాటిపోయింది.

"పరిగెడుతోంది బావా!"

"పరిగెత్తి ఎక్కడికి పోద్దంట?"

నాకూ తెలియదు. ఇంకా పెంచాను. చివరికి తెర నల్లబడి ఆగిపోయింది. దాని హద్దు కళ్ళారా చూశానని గంతులు వేయాలనిపించింది.

చలిలోంచి తీసిన వస్తువుకు బయటి వేడిగాలి తగిలితే నీళ్ళు పడతాయి. కార్డుకు నీళ్ళు పడితే అంతే సంగతులు. మిర్చికీ అదే బాధ కాబట్టి బస్తాలను బయటికి తెచ్చిన వెంటనే విప్పరు. బావ అదే పద్ధతిలో నా కంప్యూటర్‌ని రెండు ఖాళీ మిర్చి గోతాల్లో కూరి, మూతి కుట్టేశాడు.

"రేపటిదాకా విప్పమాక."

మర్నాడు విప్పి చూస్తే ఎక్కడా తడి లేదు. స్విచ్ వేశాను. తెర వెలిగింది. ఫ్యాన్లు తిరిగాయి. గోతాల్లోని కారమంతా లోపలికి చేరి ఉంది కదా, ఒక్కసారిగా గది నిండా చిమ్మింది. అమ్మ తుమ్ముకుంటూ మెట్ల మీదికి పరిగెత్తింది. నాకు కళ్ళు కనబడలేదు. అంతలో ఫోన్ మోగింది.

"బతికిందా?" అన్నాడు బావ.

దగ్గుతో, కారుతున్న ముక్కుతో నా నోట మాట రాలేదు. ఎగపీల్పులు మాత్రం అతనికి వినబడ్డాయి.

"ఏడవమాక. పోతే పోయిందిలే. నా బండి అమ్మేద్దాం, కొత్తది కొనుక్కుందువు. పని ఆగకూడదు నీది. మీ అక్కకి మాత్రం చెప్పమాక. వింటన్నావా?"

విన్నాను. ముక్కు తుడుచుకున్నాను.

"బతికింది బావా. కారం ఘాటు, అంతే."



"ఆ ముక్క ముందు చెప్పి ఏడవచ్చుగా," అని ఫోన్ పెట్టేశాడు.