మోకాలి దగ్గర ఎర్ర పోగు

చిన్నమ్మ పోయిందన్న కబురు వచ్చేసరికి నేను ఆదోనిలో, ప్రెస్సులో కూర్చుని ప్రూఫులు దిద్దుతున్నాను. ఫోన్ చేసింది తమ్ముడు, చిన్నమ్మ కొడుకు. "అన్నా, అమ్మ మగ్గం కాడనే ఒరిగిపోయిందంట. నేను ఈడ నుంచి బయలుదేరతాండా. నువ్వు ముందు పో" అన్నాడు. నా ముందున్న ప్రూఫు నా వ్యాసానిదే. నిజాన్ని దాచే పెద్దమనుషుల మీద నాలుగు పేజీలు ఉతికి ఆరేశాను. ఆ కాగితాలు అక్కడే వదిలేసి ఎమ్మిగనూరు బస్సెక్కాను. గంటలో చేరగలిగే ఇంటికి నేను పోక అప్పటికి ఎనిమిది నెలలు.

ఎందుకు పోలేదో చెప్పాలి. చెప్పకుండా ఆమె మంచితనం గురించి రాస్తే అది ఇంకో దాపరికం అవుతుంది.

మాది పెద్దకడుబూరు వైపు ఊరు. అమ్మ పత్తి చేలల్లో కూలికి పోయేది. నన్ను చదువుకని ఎమ్మిగనూరులో చిన్నమ్మ ఇంట్లో వదిలింది. గుంట మగ్గం పక్కన చాపేసుకుని ఎక్కాలు నేర్చుకున్నవాణ్ణి నేను. చిన్నమ్మకు తెగిన పోగుతో మాట్లాడే అలవాటు ఉండేది. "యాడికి పోయినావే, రా, రా" అంటూ వెతికి పట్టుకుని, వేళ్ళకు కాస్త బూడిద రాసుకుని మెలేసి అతికేది. నేసిన బట్టను చేత్తో కాదు, చెంపతో తడిమి చూసేది. టీ సాసర్లోకి వంపుకుని, చల్లారేదాకా దాని మొహమే చూస్తూ కూర్చునేది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బట్ట నడుమ ఎక్కడైనా దెబ్బ తగిలి అతుకు వేయాల్సి వస్తే, సరిగ్గా దానికి ఎదురుగా అంచులో ఒక ఎర్ర పోగు ముడేసి వదిలేవాళ్ళు. కొనేవాడికి అదే గుర్తు: ఇక్కడ అతుకు ఉంది, చూసుకో. చిన్నమ్మ వేసిన అతుకు భూతద్దం పెట్టినా కనబడేది కాదు. కనబడని దానికి కూడా ఆమె ఎర్ర పోగు కట్టేది. ఒకసారి ఆదోని నుంచి వచ్చిన షావుకారు ఆ పోగు చూసి బట్టను పక్కకు తోసేశాడు. చిన్నాయన ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"నీ అతుకు వానికి కనపడిందా? కనపడల్యా! నువ్వే పిలిచి సూపిస్తివి గదనే!"

"కట్టుకునేటోళ్ళకు తెలియల్ల గదా" అంది చిన్నమ్మ, ఆసు మీద నూలు తిప్పుతూనే. అంతే. ఆ మాట మీద ఇంకో మాట ఉండేది కాదు.

ఇక నేను ఆ ఇంటికి పోకుండా చేసిన రేసు సంగతి. నన్ను చదివేవాళ్ళు అడుగుతారు: కార్ల పందేలతో నీకేం పనయ్యా? నిజమే, నాకేం పని లేదు. ఒక్క మనిషి పట్టే కారు, దాని చుట్టూ పదిమంది నౌకర్లు, గొడుగు కింద తల్లిదండ్రులు. కలవాళ్ళ పిల్లల ఆట అది. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు. కానీ ఆ ఆటలోకి మా ఇంటి పిల్ల వెళ్ళింది. తమ్ముడు ఆదోనిలో లారీ షెడ్డులో పని నేర్చి, తమిళనాడులో ఒక రేసు ట్రాకు దగ్గర మెకానిక్కుగా కుదిరాడు. ఇతరుల పిల్లల కార్లకు చక్రాలు బిగించేవాడు. అతని కూతురు ఈరమ్మ, సాయంత్రం అందరూ పోయాక, ట్రాకు మీద చిన్న బండ్లు నడిపి నడిపి ఒకనాడు ఎంపిక పందెంలో అందర్నీ దాటేసింది. దాంతో ఆమెకు ఒక్క ఏడాదికి జూనియర్ చాంపియన్‌షిప్పులో కారు ఇచ్చారు. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటే పుట్టిందని చిన్నమ్మ పట్టుబట్టి పెట్టిన పేరు అది. మొక్కులను వెక్కిరిస్తూ నేను అప్పటికే బోలెడు రాసి ఉన్నాను. ఆమె దగ్గర ఒక్క అక్షరం చెల్లలేదు.

చిన్నమ్మకు రేసు అర్థమయ్యేది కాదని అనుకోకండి. మనవరాలు ఫోన్‌లో ఇంజను చప్పుడు వినిపిస్తే, "యాడనో వదులైంది సూడండ్రా" అనేది. చాలాసార్లు నిజమయ్యేది. మగ్గంలో అటూ ఇటూ నాడె ఆడే చప్పుడు వింటూ అరవై ఏళ్ళు బతికిన చెవి కదా.

చివరి రౌండుకు వచ్చేసరికి పాయింట్లలో ఈరమ్మే ముందుంది. ఆఖరి రేసులో మూడో స్థానం తెచ్చుకుంటే చాలు, చాంపియన్. చాంపియన్‌కు మరుసటి ఏడాది పై తరగతిలో కారు ఇస్తారు. రెండో స్థానానికి ఒక కప్పు ఇచ్చి ఇంటికి పంపుతారు. కప్పు తీసుకుని వేరే దారిలో పైకి పోవడానికి వేరేవాళ్ళకు నాన్నలున్నారు. మా పిల్లకు ఉన్నది చక్రాలు బిగించే నాన్న. అంటే ఆ ఒక్క మధ్యాహ్నంలో ఆమె భవిష్యత్తు అంతా ఉంది. మరదలికి, అంటే ఈరమ్మ తల్లికి, బట్టల ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. కాబట్టి తోడుగా చిన్నమ్మా నేనూ ఆదోనిలో రైలెక్కి వెళ్ళాం.

ముందురోజు సాధన అయ్యాక కారులోంచి దిగుతుంటే, ఏదో అంచు తగిలి ఈరమ్మ రేసు సూటు మోకాలి దగ్గర జానెడు చిరిగింది. అది నిప్పంటుకోని బట్ట. మిగతా పిల్లలకు తలా రెండు మూడు ఉన్నాయి. మా పిల్లకు ఉన్నది అదొక్కటే.

"ఇట్ల తే" అంది చిన్నమ్మ.

సత్రం గదిలో, కిటికీ వెలుతురులో కూర్చుని, ఆ సూటు కాలి మడత లోపలి నుంచే పోగులు లాగింది. ఆ పోగులతోనే, సూదితో, పడుగూ పేకా కలుపుతూ చిరుగును మళ్ళీ నేసింది. అయ్యాక నేను వేలితో తడిమాను. చిరుగు ఎక్కడుండేదో కనిపెట్టలేకపోయాను. "చిన్నమ్మా, నీకు దండం" అన్నాను. ఆమె బొడ్డుసంచిలోంచి చిన్న ఉండ తీసి, మోకాలి పక్క కుట్టులో ఒక ఎర్ర పోగు ముడేసింది.

"అదెందుకు? తీసెయ్."

"అతుకుంది గదప్పా."

"ఇది సంతలో అమ్మే చీర కాదు చిన్నమ్మా. వాళ్ళు చూస్తే ఊరుకోరు."

"సూడనీ. సూసేదానికే గదా కట్టేది."

వాదించాను. వాదించడం నా వృత్తి, అయినా ఆమె దగ్గర ఓడిపోయాను. ఆమె స్నానానికి పోయినప్పుడు తెంపేద్దామని చేయి కూడా పెట్టాను. ఈరమ్మ చూసింది. "పెదనాయనా, వద్దు. జేజి కట్టింది" అంది. వదిలేశాను. ఇంత చిన్న పోగును ఎవడు చూస్తాడులే అనుకున్నాను.

చూశాడు. మరుసటి రోజు గ్రిడ్డులో, అంటే రేసు మొదలయ్యే వరసలో, స్థానాలు తేల్చే పరుగుకు ముందు ఒక అధికారి అందరి సూట్లూ తనిఖీ చేస్తూ వచ్చాడు. మెడ దగ్గరి ముద్ర చూశాడు, చేతులు చూశాడు, ఇక పంపేస్తాడనగా అతని వేలికి ఆ పోగు తగులుకుంది. ఇదేమిటని అడిగాడు. తమ్ముడు నా వైపు చూశాడు. నేను ఏదో ఒకటి అల్లబోయాను. నేను, నిజం గురించి ముప్పై ఏళ్ళుగా రాస్తున్నవాణ్ణి, అది కంపెనీ గుర్తు అని చెప్పబోయాను!

ఈలోగా చిన్నమ్మ ముందుకు వచ్చి అతని చేయి పట్టుకుని మోకాలి మీద పెట్టింది. "ఇదో, ఈడ నుంచి ఈడికి. నిన్న నేనే నేసినా. దాని పోగే దానికి ఏసినా. సూసుకోప్పా." తమ్ముడు తలవంచుకుని దాన్ని తమిళంలో చెప్పాడు.

ఆ అధికారి చెడ్డవాడు కాదు. రెండుసార్లు తడిమి, ఆమె ముఖం చూసి, నమస్కారం పెట్టాడు. ఆ తర్వాత, తయారుచేసిన కంపెనీ తప్ప ఇంకెవరు సూది ముట్టినా ఆ సూటు చెల్లదని చెప్పాడు. వేరేది తెచ్చుకోండి, లేకపోతే కారు ఎక్కకూడదు.

ఆ తర్వాతి అరగంటను నేను ఇప్పటికీ సరిగ్గా తలచుకోలేను. ఒక్కో జట్టు షెడ్డు ముందూ నిలబడి అడుక్కున్నాను. ఎవర్ని తిడుతూ బతికానో వాళ్ళ ముందు చేతులు జోడించాను. ఒకావిడ, "మా వాడి సూట్లు మీ పాపకు సరిపోవండీ" అంది, తన వెనక హ్యాంగరుకు వేలాడుతున్న వాటి వైపు తిరగకుండా. చివరికి పెద్దవాళ్ళ తరగతిలో అప్పటికే రేసు ముగించుకున్న ఒక కుర్రాడు, చెమటతో తడిసిన తన సూటు విప్పి ఇచ్చాడు. అందులో ఈరమ్మ లాంటి వాళ్ళు ఇద్దరు పడతారు. చిన్నమ్మ కుట్టకుండా, సూది ముట్టకుండా, చీర కుచ్చిళ్ళు పెట్టినట్టు నడుము దగ్గర మడతలు పెట్టి పిల్లను బెల్టుల కింద కూర్చోబెట్టింది. అప్పటికి స్థానాలు తేల్చే పరుగు అయిపోయింది. రేసులో అందరి వెనక నిలబెట్టారు.

పద్దెనిమిది కార్లు. మైకులో ఎవడో ఆమె పేరును "ఎరామా" అంటున్నాడు. మూడో చుట్టుకు పదకొండో స్థానం. సగానికి ఏడు. తమ్ముడు కంచె పట్టుకుని లెక్కపెడుతున్నాడు, "ఆరు... అయిదు... నాలుగు." ఇంకో చుట్టు మిగిలింది. చిన్నమ్మ కంచె దగ్గరికి రాలేదు. వెనక గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, చప్పుడు మాత్రం వింటోంది. ఆఖరి మలుపులో ఈరమ్మ మూడో కారు పక్కకు చేరింది. రెండూ ఒకే గీతలా వచ్చాయి. మూడోది ముందు దాటింది. ఎంత ముందంటే, కారు ముక్కంత.

"రాల్యా" అంది చిన్నమ్మ కళ్ళు తెరవకుండానే.

అప్పుడు అన్నాను. ఇప్పుడు రాయకపోతే ఎప్పటికీ రాయలేను. "ఒక్క దారం తెంపి ఉంటే చాలు. నీ మనవరాలి బతుకు తెంపావు. సంతోషమా?" అన్నాను. తమ్ముడు, "అన్నా, ఊరుకో" అని నా భుజం పట్టుకున్నాడు. హెల్మెట్టు చేత్తో పట్టుకుని, ఆ వదులు సూటులో తడబడుతూ నడిచి వచ్చిన ఈరమ్మ కూడా విన్నది.

చిన్నమ్మ పోయి ఈరమ్మ చేతిలోని హెల్మెట్టు అందుకుంది. ఆదోని స్టేషన్లో దిగాక, "అగ్గి బట్ట అంటిరి గదా. మంట లేస్తే నా అతుకు ఆగుతాదో ఆగదో నాకేం తెలుసు? తెలియనిదాన్ని తెలిసినట్ల పిల్లకు ఎట్ల తొడిగిస్తునప్పా?" అంది. మూట చంకకెత్తుకుని, "కోపం పోయినంక ఇంటికి రా. రొట్టెలు జేస్తా" అంది. నేను తల తిప్పుకున్నాను.

ఎనిమిది నెలలు. ఈ మధ్యలో ఎన్నోసార్లు ఆమె చెప్పింది సరైనదేనని నాకు తట్టింది. తట్టిన ప్రతిసారీ ఇంకా కోపం వచ్చింది. పిల్లకు ఒకే ఒక్క సూటు ఉండే ఆటను తిట్టాల్సినవాణ్ణి, దాన్ని నేసిన చేతిని తిట్టాను. ఈరమ్మకు ఈ ఏడాది కారు లేదు. నాన్న పక్కన నిలబడి ఇతరుల చక్రాలకు గాలి కొడుతోంది. దీనికి నా దగ్గర ఓదార్పు లేదు, వ్యాసమూ లేదు.

చావు కబురు వచ్చిన మరుసటి ఉదయం తమ్ముడూ ఈరమ్మా చేరేసరికి, మగ్గం మీద సగం నేసిన తెల్ల బట్ట అలాగే ఉంది. దాన్నే కోసి కప్పుదామన్నాడు తమ్ముడు. ఈరమ్మ గుంటలోకి దిగి, నిదానంగా చుట్ట విప్పింది. విప్పుతున్నకొద్దీ అంచున ఎర్ర పోగులు. ఒకటి, దాని పక్కనే ఇంకొకటి, జానెడుకు రెండు. చివరి రోజుల్లో చూపు తగ్గిందని మాకెవరికీ చెప్పలేదు. బట్టకు మాత్రం చెప్పింది.

కత్తెరతో నిలబడిన పక్కింటి అక్క, "ఎర్రవి తీసేద్దునా అప్పా? సావుబట్టకు బాగుండవు" అని నన్నడిగింది.

"ఉండనీక్కా" అన్నాను. "కప్పుకునే ఆమెకు తెలుసు."

ఈరమ్మ ఒక కొస పట్టుకుంది, నేనొక కొస. దించుతున్నప్పుడు వాకిట్లోంచి గాలి వచ్చింది. అంచు పొడవునా ఆ పోగులన్నీ ఒక్కసారి లేచి, మళ్ళీ ఆమె మీద పడ్డాయి.