సోమవారం తెరవని గొయ్యి

డార్బీ హెగార్టీకి డెబ్బై మూడేళ్లు. ఆ పారిష్‌లో, అంటే ఆ చర్చి కింది పల్లెల్లో, ఎవరు పోయినా గొయ్యి తవ్వేది ఇరుగుపొరుగే. నలభై ఏళ్లుగా ముందు పార దించేది మాత్రం డార్బీయే. కూలి లేదు. పోయినవాళ్లింట్లో టీ, ఓ గుక్క విస్కీ, అంతే.

శనివారం పొద్దున పక్కింటి నోనీ పోయింది. పోయేముందు అతని చెయ్యి పట్టుకుని, "నా గోతిలోకి ఆ తవ్వే మిషన్ని రానిచ్చావో, దయ్యమై వచ్చి నీ కోళ్లు గుడ్లు పెట్టకుండా చేస్తా" అంది. డార్బీ మాటిచ్చాడు.

ఆదివారం పూజ అయ్యేసరికి చర్చి తలుపు మీద కాగితం. ఇకమీదట గోతులు జేసీబీయే తవ్వుతుంది, పారలతో ఎవరూ దిగకూడదు, ఇన్సూరెన్సు ఒప్పుకోదు. కింద సంతకం శ్మశానం కమిటీ పెద్ద ఫెర్గల్ లాలీది.

డార్బీకి అరికాలి మంట నెత్తికెక్కింది. చర్చి గుమ్మంలోనే ఫెర్గల్‌ని నిలదీశాడు.

"మీ నాన్నకి గొయ్యి తవ్విందెవర్రా? మోకాలి లోతు నీళ్లలో నిలబడి! అప్పుడేమైంది నీ ఇన్సూరెన్సు?"

"కేకలేస్తే రూలు మారదు పెద్దాయనా. రేపు మిషనొస్తుంది. ఎల్లుండి పూడ్చడం."

"రేపా?"

"రేపే."

రేపంటే సోమవారం. ఆ పారిష్‌లో సోమవారం గొయ్యి మొదలుపెట్టరు, పెడితే వెంటనే ఇంకో చావు. తప్పనప్పుడు, గొయ్యి ముందురోజే మొదలైనట్టు లెక్కకి, ఆదివారమే ఓ గడ్డిపెళ్ల లేపి ఉంచుతారు. దాన్ని లేపేది డార్బీయే. ఆ ఆదివారం అతను పార భుజాన వేసుకుని నేరుగా ఇంటికెళ్లి, పళ్లు నూరుతూ కూర్చున్నాడు. కాగితాల హడావుడిలో ఫెర్గల్‌కి పెళ్ల సంగతే గుర్తులేదు.

సోమవారం జేసీబీ డ్రైవరు దిగి నేల చూసి, ఫెర్గల్ వైపు తిరిగాడు.

"పెళ్ల ఏదయ్యా?"

"నువ్వే లేపు."

"సోమవారమా? మా ఆవిడకి నెలలు నిండాయి. కావాలంటే నువ్వు తవ్వుకో. రేపు నాకు వేరే ఊళ్లో పని."

సాయంత్రం ఫెర్గల్ డార్బీ గడపలో నిలబడ్డాడు.

"రేపు పదకొండింటికి పూజ. గొయ్యి లేదు పెద్దాయనా."

"తెలుసు."

"ఏం చెయ్యమంటావు?"

"ఆ కాగితం చింపెయ్. తెల్లవారగానే పాత బూట్లేసుకుని రా."

మంగళవారం ఆరుగురు పారలతో వచ్చారు. ఏడోవాడు ఫెర్గల్. రెండు గంటల్లోనే అతని అరచేతులు బొబ్బలెక్కాయి.

"ఈ లోతు చాలా?"

"మీ నాన్నకి ఆరడుగులు తవ్వాం. ఇది నాలుగే. తవ్వు!"

పూజయ్యాక పన్నెండింటికి నోనీని తాళ్లతో దించారు.

బుధవారం డార్బీ కోళ్లు పదిహేడు గుడ్లు పెట్టాయి. ఉన్నవి తొమ్మిది కోళ్లే. వీధిలో ఇంటింటికీ పంచాడు. ఫెర్గల్ ఇంటికి మాత్రం ఒక్కటీ పంపలేదు.