నా విమానం, మా ఆవిడ చెయ్యి

ఆ విమానాన్ని చేసింది నేను. ఫోమ్ షీటు కోసి, రెక్కలు అతికించి, మోటారు బిగించి, నందిగామలో మా అద్దె ఇంటి వరండాలో వానాకాలమంతా దానితోనే కాపురం చేశాను. మా ఆవిడ అటుపక్కకి కూడా తొంగిచూడలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోమని మనవి.

ఎగరేయడం నేర్చుకోవడానికి లాప్‌టాప్‌లో సిమ్యులేటర్ పెట్టాను. విమానం రిమోట్‌నే వైరుతో దానికి తగిలిస్తే, తెర మీద బొమ్మ విమానం మన చేతికి ఆడుతుంది. కూలిందా, రిమోట్ మూలనున్న చిన్న స్విచ్ నొక్కితే చాలు, చెక్కుచెదరకుండా మళ్ళీ వచ్చి నిలబడుతుంది. నేను పల్టీలు కొట్టించేవాణ్ణి, తలకిందులుగా నడిపేవాణ్ణి, కూల్చేవాణ్ణి, నొక్కేవాణ్ణి. ఆఫీసు విసుగంతా అక్కడే పోయేది.

కొన్నాళ్ళకి, నేను ఇంటికొచ్చేసరికి ఆ కుర్చీలో మా ఆవిడ ఉండటం మొదలైంది. ఆవిడ ఆట చూస్తే నాకు ఆవలింతలొచ్చేవి. పైకి లేపడం, ఒక చుట్టు తిప్పడం, తనవైపు తెచ్చుకోవడం, దింపడం. మళ్ళీ అదే. విమానం మనకి ఎదురుగా వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకే నేను ఆ జోలికి పోయేవాణ్ణి కాదు.

"కూలితే పోయేదేముంది? కాస్త సరదాగా ఆడొచ్చుగా," అన్నాను.

"కూల్చడం అలవాటైపోద్దండీ," అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆ స్విచ్‌తో ఆవిడకి పనే పడేది కాదు. నాకు అప్పుడే కొంచెం మండింది.

జగ్గయ్యపేట దగ్గర మా బావమరిది చేలో పత్తి కట్టె పీకేశాక, విమానం అక్కడికి పట్టుకెళ్ళాం. మా అత్తగారు గట్టు మీద నిలబడ్డారు. బావమరిది పరుగెత్తి గాల్లోకి విసిరాడు. లేచింది. అత్తగారు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తుంటే నా ఛాతీ ఉప్పొంగింది.

తిప్పాను. ముక్కు మావైపు తిరిగింది. ఒక పక్కకి వాలుతోందని సరిచేయబోతే ఇంకా వాలింది. నేల దగ్గరపడుతోంది. నా వేలు వెళ్ళి ఆ మూల స్విచ్ నొక్కింది. రెండోసారి కూడా నొక్కింది.

"ఇటివ్వండి," అంది మా ఆవిడ.

ఇవ్వకపోతే విమానం ముక్కలవుతుంది. ఇస్తే అత్తగారి ముందు నా పరువు పోతుంది. ఇచ్చాను.

ఆవిడ దాన్ని పైకి లేపింది, ఒక చుట్టు తిప్పింది, తనవైపు తెచ్చుకుంది, పిచ్చుక వాలినట్టు దింపింది.

"ఇంకోసారి తిప్పక్కా," అన్నాడు బావమరిది.

"మొదట్లో అల్లుడుగారు కూడా బానే తిప్పారమ్మా," అన్నారు అత్తగారు. ఆ జాలితో ఒళ్ళు మండిపోయింది.

మా ఆవిడ విమానాన్ని రెండు చేతులా తెచ్చి నాకిచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఎంత బాగా చేసారండీ. గీత కూడా పళ్ళేదు, చూడండి."

తిరగేసి చూశాను. రెక్కలు, పొట్ట, తోక. నిజమే, ఎక్కడా గీత లేదు. వానాకాలమంతా నా చేతులతో చేసుకున్న విమానం, ఒక్క రెక్కయినా విరిగి ఉంటే బాగుండుననిపించింది.