మందమర్రిలో నల్ల టెండరు

ఆ రోజుల్లో ఫోనులో నెట్టు చవకై, పెళ్లికాని మగవాళ్లందరికీ ఒక్కసారిగా వంట వచ్చేసింది. వచ్చిందంటే చేతికి కాదు, కళ్లకు. పొద్దున లేవగానే ఒక వంట, పడుకోబోయే ముందు ఇంకో వంట చూసి, మధ్యలో కర్రీ పాయింటు నుంచి పప్పు పొట్లం తెచ్చుకుని తినేవాళ్లం. చూసినదాన్ని వండాలనే దుర్బుద్ధి మాత్రం ఎవరికీ పుట్టేది కాదు. నాకు పుట్టింది. దానికి కారణం మా బావ.

నేనప్పుడు మందమర్రిలో ఒక చిన్న ఆఫీసులో కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటును. పిల్లల హాస్టళ్లకు బియ్యం, పప్పు, కూరగాయలు, ఆదివారం నాడు కోడికూర అందేలా చూడడం ఆ ఆఫీసు పని. కరీంనగర్ దిక్కు మా ఊళ్లో మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, సాంచాలు, అంటే పవర్‌లూములు, నడిపేవాడు. ఆ చప్పుడుకు ఆయన చెవులు సగం పోయాయి. మా వంశంలో కుర్చీలో కూర్చుని జీతం తీసుకున్న మొదటి మనిషిని నేనే కాబట్టి, మా అమ్మ, అంటే అవ్వ, ఫోను చేసినప్పుడల్లా నా ఆరోగ్యం తర్వాత, ఉద్యోగం ఆరోగ్యం ముందు అడిగేది. "కొడుకా, పర్మినెంటయిందా?" కాలేదు. ప్రొబేషన్ ఆ నెలాఖరుకు ముగుస్తుంది. మా సూపరింటెండెంటు, మేమంతా పెద్దసారు అనే మనిషి, నా మీద ఒక మంచి మాట రాస్తే నేను బతికిపోతాను. రాయకపోతే మళ్లీ సాంచాల చప్పుడులోకే. అందుకని ఆ నెలంతా తుమ్ము వచ్చినా పెద్దసారు ముఖం చూసుకుని తుమ్మేవాణ్ణి.

అలాంటి సమయంలో ఆసిఫాబాద్‌లో ఉండే మా అక్క, బావ ఒక బుధవారం సాయంత్రం బండికి వస్తున్నామని కబురు చేశారు. బావ బడిపంతులు. ఎదుటివాడి తప్పు దిద్దనిదే ఆయనకు తిన్నది అరగదు. "ఏం వండి పెడ్తవురా బామ్మర్ది, ఎప్పటి లెక్కనే కోడిగుడ్డు పొరటేనా?" అన్నాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. ముందురోజే ఫోనులో ఒక విదేశీ అమ్మాయి, మరక అంటని వంటింట్లో, మరక అంటని బట్టలేసుకుని, 'బ్లాకెన్డ్ చికెన్ టెండర్స్' అనేది చేసి చూపించింది. కోడి ఛాతీ కింద సన్నగా, పొడుగ్గా ఉండే మెత్తటి కండ పేరు టెండర్ అట. దానికి కారం, మసాలాలు దట్టంగా పట్టించి, బాగా కాలిన ఇనుప పెనం మీద వెన్నపూస వేసి పైపైన నల్లబడేదాకా కాల్చాలట. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చినవాళ్లకు ఇరవై నిమిషాల్లో భోజనం. పైగా ఆ నలుపు మాడడం కాదట, రుచట! (ఈ మాట ముందే తెలిసి ఉంటే మా అవ్వ కాపురంలో సగం తిట్లు తప్పి ఉండేవి.)

బుధవారం పొద్దున ఆఫీసుకు పోతూ చాచా చికెన్ దుకాణం దగ్గర ఆగాను. చాచా మంచివాడు, మాటకారి. మా హాస్టళ్లకు కోడిమాంసం ఇచ్చేది ఆయనే. ఆ కాంట్రాక్టు గడువు ఆ నెలతో అయిపోతుందన్న సంగతి నాకు గుర్తులేదు. ఆయనకు మాత్రం నిద్రలో కూడా గుర్తుంది. "చాచా, బొక్కల్లేకుండ, ఛాతీ కింద సన్నగ పొడుగ్గ ఉంటది సూడు, గదే అరకిలో కావాలె. మంచి మాల్ ఇయ్యి, పెద్దోళ్లకు పెట్టాలె," అన్నాను. నా ఉద్దేశంలో పెద్దోళ్లంటే అక్కాబావలు. చాచా కత్తి ఆపి నన్ను కాసేపు చూశాడు. "ఎవలకు పెడ్తవ్ బేటా?" అన్నాడు. "ఇప్పుడు చెప్తే మజా ఉండది," అని నవ్వి, పొట్లం పట్టుకుని వచ్చేశాను.

నాలుగింటికి, టీ వేళ, ఆఫీసు వరండాలో నిలబడి అప్పటికే బండెక్కిన బావకు ఫోను చేశాను. అటు రైలు చప్పుడు కావడంతో గొంతు చించుకోవాల్సి వచ్చింది. "బావా, ఇయ్యాల మా ఇంట్ల చికెన్ టెండర్స్! ఆఁ, టెండర్స్! బ్లాకెన్డ్! ఏడింటికల్ల రాండ్రి, ఇరవై నిమిషాలల్ల ఖతమైతది. లే లే, ఆఫీసుల ఎవ్వలకు చెప్పలే. అందరొస్తే ఏడ సరిపోతయి?" ఇంత స్పష్టంగా నా గొయ్యి నేను తవ్వుకున్న రోజు మళ్లీ నా జీవితంలో లేదు. నా వెనకాల స్తంభానికి ఆనుకుని మా అటెండరు టీ తాగుతున్నాడు. ఆయన్ను ఆఫీసులో అందరూ మైకన్న అంటారు. ఆయన చెవిలో పడిన మాట ఊళ్లో పడడానికి టీ చల్లారేంత సమయం కూడా పట్టేది కాదు.

ఇక్కడ మా ఊరి భాష కొంచెం చెప్పాలి. మందమర్రిలో టెండరు అనే మాటకు ఒక్కటే అర్థం. బొగ్గు ఎత్తడానికి టెండరు, ఇసుక తవ్వడానికి టెండరు, సైకిల్ స్టాండుకు టెండరు, సంతలో తైబజారు రుసుము వసూలుకు టెండరు. ఆ మాటకు లేత అనే అర్థం కూడా ఉందని చెప్తే ఊళ్లో చంటిపిల్లలు కూడా నవ్వుతారు. ఇక బ్లాకు అంటే సినిమా టికెట్టు నుంచి గ్యాసు బండ దాకా అందరికీ తెలిసిందే. కనుక సాయంత్రానికి మందమర్రికి అర్థమైనది ఇది: కొత్తగా వచ్చిన పోరడు, ఇంకా పర్మినెంటు కూడా కానివాడు, హాస్టళ్ల చికెన్ టెండరు తన ఇంట్లోనే బ్లాకులో పెట్టుకున్నాడు. పొద్దున సాంపిలు కూడా తీసుకుపోయాడు.

నాకివేవీ తెలియవు. ఇంటికొచ్చి వంట మొదలుపెట్టాను. ఆ అమ్మాయి చెప్పిన ఆకుల పొడులు మందమర్రిలో దొరకవు కాబట్టి వాటి బదులు వాము నలిపి వేశాను. వెల్లుల్లి దంచాను. ఆమె రెండు పెద్ద చెంచాల మిరపపొడి వేస్తే నేనూ అంతే వేశాను. ఆమెది ముఖానికి రాసుకున్నా మండని పొడి అనీ, నాది మా అవ్వ పట్టించి పంపిన కారమనీ తేడా తోచలేదు. జొన్నరొట్టెల పెంక పొయ్యి మీద ఎర్రగా కాగింది. వెన్న పడింది. నాలుగు ముక్కలు పడ్డాయి. సరిగ్గా అప్పుడే ఎవరో తలుపు కొట్టారు.

వాకిట్లో చాచా. ఇస్త్రీ లాల్చీ, అత్తరు వాసన. పొద్దున బేటా అన్నవాడు ఇప్పుడు వంగి, "సలాం సాబ్," అన్నాడు. "జర చెప్పుండ్రి సాబ్, పొద్దుటి సాంపిల్ ఎట్లుంది?" సాంపిలేంది చాచా అని నేను అడిగేలోపే ఆయన వెనక ఊరి బయట కోళ్లఫారం నడిపే కాక దిగాడు. చంకలో గంప, గంపలో అరుస్తున్న కోళ్లు. "చాచా సాంపిల్ తీస్కుంటరు, నా సాంపిల్ తీస్కోరా సార్? గిదెక్కడి న్యాయం?" అంటూ గంపను నా మంచం మీద పెట్టేశాడు. అప్పటికి నా బుర్రలో దీపం వెలిగింది.

"అయ్యో కాకా, టెండరంటే గా టెండరు కాదు. గిది తినేది!" అన్నాను.

"మేమనేది గదే గద సార్," అన్నాడు కాక చాలా శాంతంగా. "టెండరంటే తినేదే. ఎవలెవలు తింటరో, ఎంతెంత తింటరో జర చెప్తే మా బాధ మేం పడ్తం."

ఈలోగా లోపల పెంక మీద నేను మరిచిపోయిన ముక్కలు తమ పని తాము చేసుకుపోయాయి. అవ్వ కారం పొగై గదిలోకి వచ్చింది. ముందు కోళ్లు మూగపోయాయి. తర్వాత చాచా దగ్గాడు, కాక తుమ్మాడు, ముగ్గురికీ కళ్లలోంచి, ముక్కులోంచి ధారలు కట్టాయి. సరిగ్గా ఆ పొగలోంచి, ముందు మైకన్న, వెనక పెద్దసారు లోపలికి వచ్చారు. ఆయనకు కనిపించిన దృశ్యం ఇది: ఇద్దరు కాంట్రాక్టర్లు వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. గుమాస్తా చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. మంచం మీద కోళ్లు.

"నిప్పులేంది పొగ రాదంటరు," అన్నారు పెద్దసారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. "నేను నమ్మలే. మా పోరడు గసొంటోడు గాదన్న. ఇగో, ఇప్పుడు కండ్లార చూస్తున్న." తర్వాత గొంతు తగ్గించి, నిజంగా బాధపడుతూ అన్నారు. "నువ్వు టెండరు పెట్టినందుకు గాదయ్యా నా బాధ. నాకొక్క మాట చెప్పకపోతివి సూడు, గందుకు."

నేను ఏడుపు గొంతుతో, "మా అవ్వ మీద ఒట్టు సార్, గిది వంట సార్, మా అక్కబావలు వస్తుండ్రని," అని మొదలుపెట్టాను. ఇంతలో బయట ఆటో ఆగింది. ప్రయాణానికి వాడిన ముఖంతో బావ గుమ్మంలోకి వచ్చి, లోపలి జనాన్ని చూసి, ఊరంతా వినబడేటట్టు అన్నాడు. "ఏంరా బామ్మర్ది, టెండర్లు అయిపోయినయా? మాకేమన్న మిగిల్చినవా లేదా?"

పెద్దసారు నా వైపు చూసిన చూపులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది. బావను కుటుంబసభ్యుల వాటా కింద లెక్కేసుకున్నారని నాకు అర్థమైపోయింది. అక్క ఎవరినీ పలకరించకుండా నేరుగా వంటింట్లోకి పోయి, కొంగుతో పట్టుకుని పెంకతో సహా బయటికొచ్చింది. "గిదేంది తమ్మీ, బొగ్గుబాయి కాడికి వోయి బొగ్గు ఏరుకొచ్చి ఏంచినవా?" నేను ఆశగా, "గిదే సార్! గిదే టెండరు! నల్లగనే ఉండాలె సార్, దాని పేరే గది!" అన్నాను. బావ రంగంలోకి దిగి, టెండర్ అనే ఇంగ్లీషు మాటకు లేత, మృదువైన, సుకుమారమైన అనే అర్థాలున్నాయని పాఠం చెప్పాడు. అందరూ పెంకలోని ఆ సుకుమారాన్ని చూశారు. మైకన్న ఒక్కడే, "ఎంత చదువుకున్న కుటుంబం," అన్నాడు.

ఇక మిగిలింది తినిపించడమే. అక్క రెండోవాయి తనే వేసి, ఉల్లిపాయ కోసి, నిమ్మకాయ పిండి తలా ఒక పళ్లెం పెట్టింది. పైన నల్లగా, ఘాటుగా, లోపల వెన్నలా, నిజంగానే బాగుంది. ఆ సంగతి ఒప్పుకునే స్థితిలో అక్కడ ఒక్కరూ లేరు. చాచా మొదటివాయి మాడుముక్క నమిలి, "బేటా, గిది నా దుకాణం మాలేనా? నా ఇజ్జత్ తీసినవ్," అని కళ్లు తుడుచుకున్నాడు. (ఆ కన్నీళ్లు కారానివో, కాంట్రాక్టువో చెప్పలేను.) పెద్దసారు మాత్రం అందరికంటే ఎక్కువ తిన్నారు. చెయ్యి కడుక్కుని, "రేపు పొద్దున నా రూముకు రా," అన్నారు. కాక కోళ్లు లెక్కపెట్టుకుని గంప ఎత్తుకున్నాడు.

మర్నాడు పెద్దసారు గది తలుపు మూయించారు. ఇంటికి పోయి బాపుకు ఏం చెప్పాలో రాత్రంతా మాటలు కూర్చుకునే వచ్చాను. అయినా చివరిసారిగా జరిగింది జరిగినట్టు చెప్పాను. ఛాతీ కింద కండ, ఇనుప పెంక, వాము, బావ ఎత్తిపొడుపు, రైలు చప్పుడు, ఏదీ వదల్లేదు. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. విని నవ్వడం మొదలుపెట్టారు. కుర్చీ ఊగేదాకా నవ్వారు.

"వారెవ్వా! అబద్ధమాడితె అతికినట్టుండాలె అంటరు గని, ఇంత మంచిగ అతికినోణ్ణి నేను చూడలే. ఇంట్ల టెండరు పెట్టినవ్, దొరికిపోంగనె దాన్నే వండి మాకే తినవెట్టినవ్. సాక్ష్యం గూడ మా కడుపులకే పాయె! నీసొంటోడు ఆఫీసుకు కావాలెనయ్యా."

"సార్, గది అబద్ధం గాదు సార్. నిజంగ..."

"ఇగ చాలు తియ్యి. నా దగ్గర గూడనా?" అంటూ నా ప్రొబేషన్ కాయితం ముందుకు లాక్కుని, సమర్థుడు అని రాసి సంతకం పెట్టేశారు.

బయటికొచ్చి అవ్వకు ఫోను చేశాను. పర్మినెంటయిందని చెప్పగానే అవ్వ ఏడ్చింది. ఏడుస్తూనే బాపు చెవిలో అరిచి చెప్పింది. మళ్లీ ఫోనులోకి వచ్చి, "నీ నిజాయితీ చూసిండ్రు బిడ్డా. నిజం చెప్పేటోనికి దేవుడు అన్యాయం జెయ్యడు," అన్నది. వరండాలో అదే స్తంభం పక్కన నిలబడి, "అవునవ్వా," అన్నాను. ఆ మొత్తం వ్యవహారంలో నేనాడిన అబద్ధం అదొక్కటే. దాన్ని మాత్రం మా ఇంట్లో అందరూ నమ్మారు.

అసలు టెండరు తర్వాత పద్ధతి ప్రకారమే జరిగింది, చాచాకే వచ్చింది. అది నా ఇంట్లో ఆ బుధవారమే తేలిపోయిందని కాక ఇప్పటికీ నమ్ముతాడు, ఎదురైతే గౌరవంగా నమస్కారం పెడతాడు. ఇప్పుడు నేనూ సూపరింటెండెంటునయ్యాను, జుట్టు పల్చబడింది, పొట్ట వచ్చింది. కింద పనిచేసే వాళ్లెవరైనా "నిజం సార్, అవ్వతోడు," అంటే నాకు తెలియకుండానే ఒక నవ్వు పెదవి మీదికి వచ్చి కూర్చుంటుంది. అది పెద్దసారు నవ్వేనని ఆలస్యంగా తెలుస్తుంది. అప్పుడు ఆ కారం పొగలో ముక్కు కారుతూ నిలబడి ఒట్లు పెట్టిన నేను గుర్తొస్తాను. ఆ పిచ్చివాడు ఇవాళ నా టేబులు ముందుకొచ్చి అదే కథ చెబితే నేనూ నమ్మను. కానీ కూర్చోమంటాను. తిన్నావా అని అడుగుతాను.