మా అవ్వకు సంగటి కెలకడం వచ్చు

నిన్న పొద్దున పులివెందుల క్లినిక్‌లో ఉన్నా. ఒక పెద్దాయన కోడలిని అడుగుతాన్నా, "చొక్కా గుండీలు ఆయనే పెట్టుకుంటాడా మ్మా?" అని.

అప్పుడే నాయన ఫోన్.

"అవ్వ పోయింది మ్మా. నిద్రలోనే."

చేతిలో పెన్ను అట్లే ఉండిపోయింది. ఆ కోడలు ఏం జవాబు చెప్పిందో నాకు తెలీదు.

మతిమరుపు వచ్చినోళ్లు రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలరో ఇంట్లోవాళ్లను అడిగి రాసుకోవడమే నా ఉద్యోగం. స్నానం, బట్టలు, వంట, మందులు. ప్రతి ఫ్యామిలీకీ ఒకటే చెప్తా. "మీరే తేల్చేయొద్దు. చేయనిచ్చి చూడండి."

మా ఇంట్లో మాత్రం నేనే తేల్చేసినా.

మా అవ్వ అంటే మా నాయనమ్మ. ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజుల్లో జమ్మలమడుగుకు కోడలిగా వచ్చింది. నోరు పెద్దది, చేయి ఇంకా పెద్దది. పొలం పనికి వచ్చినోళ్లందరికీ ఒక్కతే రాగి సంగటి కెలికేది. నన్ను సాకింది కూడా ఆ చెయ్యే.

డిమెన్షియా అని తెలిసినాక ఒకరోజు స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయింది. గిన్నె మాడింది, అంతే. నేను మాత్రం పెద్ద స్పెషలిస్ట్‌లాగా ఆర్డర్ వేసినా. అవ్వ వంటింట్లోకి పోకూడదు, కత్తిపీట ముట్టుకోకూడదు, ఊరికే కూర్చోవాల.

ప్రొద్దుటూరులో డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే అవ్వను నోరు తెరవనీకుండా అన్నిటికీ నేనే జవాబు చెప్పినా. ఏ పనీ చేతగాదు సార్ అన్నా.

"చేయనిచ్చి చూశారా, మీరే అనుకుంటున్నారా?" అన్నాడు ఆయన.

రోజూ నేను అడిగే ప్రశ్నే.

"చూశాం సార్" అన్నా. అబద్ధం.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అవ్వ మెల్లగా అడిగింది. "ఏమ్మే, నాకేమీ చేతగాదని చెప్పినావే ఆయప్పకు. సంగటి గూడా కెలకలేనా నేను?"

"చేయి కాలుతుంది అవ్వా, ఊరికే కూర్చో" అన్నా.

పోయిన నెల ఇంట్లో గ్యాస్ అయిపోయింది. అమ్మ పెరట్లో కట్టెల పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం ఉడికినాక రాగిపిండి వేసి, లోపలికి పోయి వచ్చేలోపల అవ్వ సంగటి కట్టె పట్టుకుంది. ఎట్లా కెలకాలో ఎవరూ చెప్పలేదు. ఉండలు లేకుండా కెలికి, చేయి తడుపుకుని, నున్నగా ముద్దలు చేసి పెట్టింది. అమ్మ మురిసిపోయి వీడియో తీసి నాకు పంపింది. "సూడు మీ అవ్వను!" అని.

వీడియోలో అవ్వ నవ్వుతాంది. ఆ నవ్వు చూసి కూడా నేను ఫోన్ చేసి అమ్మను తిట్టినా. మంట దగ్గరికి ఎందుకు పోనిచ్చినావు అని. పక్కన నిలబడి చూసుకో అని ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది.

అదే ఆఖరు. మళ్లీ ఎవరూ అవ్వకు కట్టె ఇయ్యలేదు. వంటింటి గడప దగ్గర కూర్చుని, అమ్మ కెలుకుతాంటే చూసేది అంట.

ఈరోజు మా పొయ్యి వెలగలేదు. చుట్టాలు సంగటి తెచ్చినారు.

నిన్నటినుంచి ఆ వీడియోనే చూస్తాన్నా.

అవ్వా, తప్పు నాదే. నీకు చేతగాకపోవడం కాదు, నేను చేయనీలేదు.

నువ్వు పోయినకాడ నీ చేతికి సంగటి కట్టె ఇచ్చేవాళ్లు ఉండాల. నీ మనసు చల్లగుండాల.

పోయిరా అవ్వా. ఊరికే కూర్చో అని నిన్ను ఇంక ఎవరూ అనరు.