స్నానాల బండ పక్క బలుసు

మా పేటలో ఆరోగ్యమ్మ పిన్నిని రాతిగుండె మనిషి అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ముందే ఒప్పేసుకుంటే ఓ పనైపోతుంది.

జగ్గయ్యపేట పక్కన మాది మెట్ట. ఎండలు ముదిరితే గుట్టల మీద బలుసు కంపలన్నీ ఆకు రాల్చేసి ముళ్లతో మిగులుతాయి. పిన్ని పెరట్లో ఉన్న బలుసు మాత్రం వైశాఖంలోనూ పచ్చగా ఉండేది. పెళ్లయిన కొత్తలో ఆమె భర్త బాలస్వామి బాబాయి వేదాద్రి నుంచి వస్తూ, గుట్ట మీది పసుప్పచ్చని బలుసుపళ్లు కండువా చెంగున కట్టుకొచ్చాడు. పిన్ని అవి తిని, గింజలు స్నానాల బండ పక్కన ఉమ్మేసింది. ఒకటి మొలిచింది. మేకలు కొరక్కుండా తుమ్మకంప అడ్డంపెట్టి, ఇద్దరి స్నానాల నీళ్లూ దానికే పోయేలా జానెడు కాలవ తీసింది. మొదలు దగ్గర తడి ఆరకపోతే బలుసు ఆకు రాల్చదని మూడేళ్లకి కనిపెట్టింది.

బాబాయికి బలుసాకు పప్పంటే ప్రాణం. కానీ మొదటి ముద్ద నోట్లో పెట్టగానే "ఉప్పు చాల్లేదే" అనేవాడు. దోసెడు పోసినా అదే మాట. "సముద్రం తెచ్చి వంచినా నీకు చాలదులే" అనేది పిన్ని.

ఆ ఆకు మీద ఇంకో ఇంటివాళ్లకీ ఆశ. కరణంగారి తల్లి తద్దినం వైశాఖంలో వస్తుంది. వాళ్ల ఆనవాయితీలో ఆ రోజు బలుసాకు పప్పు ఉండి తీరాలి. ఏటా పిన్ని కోసుకెళ్లి పెరటి గడప బయట పెడితే, కరణంగారి భార్య సీతారావమ్మగారు నీళ్లు చల్లి తీసుకునేవారు. పిన్ని ముట్టిన కుండ వాళ్లకి పనికిరాదు, ఆకు పనికొచ్చేది. పోయినవాళ్లకి పట్టింపులు తక్కువ కాబోలు.

1957లో, సరిగ్గా ఆ తద్దినానికి ముందురోజు, బాబాయి వడదెబ్బ తగిలి చేలోనే పడిపోయాడు. సాయంత్రం ఆ బండ మీదే శవానికి నీళ్లు పోశారు. ఆడవాళ్లం గుండెలు బాదుకుంటుంటే పిన్ని కాలవ వంక చూస్తూ నిలబడింది. నీళ్లకి మట్టిబెడ్డ ఒకటి అడ్డంపడితే కాలి బొటనవేలితో పక్కకి నెట్టింది. నేను చూశాను. తెల్లారి ఆకు కోసుకుని కరణంగారింటికి వెళ్లింది.

"నిన్ననేగా మీ ఆయన పోయాడు? మైల కదే ఆరోగ్యం!" అన్నారట సీతారావమ్మగారు. అంతలోనే, "అయినా మీకు మైలా తద్దినాలూ ఉండవుగా" అని, ఆకు మీద రెండుసార్లు నీళ్లు చల్లుకున్నారు.

"ఉండవండి" అని వచ్చేసింది పిన్ని.

ఏడాదంతా ఆమె కంట చుక్క రాలలేదు. కూలికి వెళ్లేది, ఆదివారాలు ఫాదర్‌గారి గుడికి వెళ్లేది. నవంబరులో సమాధుల పండక్కి బాబాయి సమాధి మీద కొవ్వొత్తి వెలిగించింది, పొయ్యి వెలిగించినట్టే. స్నానం అయ్యాక బాబాయి వంతు నీళ్లు కూడా రోజూ చెట్టుకి పోసేది.

"ఏడుపు రావట్లేదే దేవమణీ" అంది ఒకసారి నాతో. "వస్తే బాగుణ్ణు. ఆయనకి నీళ్లు పోస్తుంటే చెట్టుకెళ్తున్నాయా లేదా అని చూశా. నేనేం మనిషిని?"

అంతకుముందు నేను ఊరంతా చెప్పిన మాటే అది. సిగ్గేసింది.

మళ్లీ వైశాఖం వచ్చింది. కరణంగారి పాలేరు సాంబయ్య వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"రేపే పెద్దమ్మగారి తద్దినం. పొద్దున్నే ఆకు తెమ్మన్నారు."

"రేపా?"

"రేపే."

"అయితే ఇవాళ..." అని ఆగిపోయింది పిన్ని.

అతను వెళ్లగానే చేట తీసుకుని చెట్టుకున్న ఆకంతా కోసేసింది. చేతులు ముళ్లకి గీరుకుపోయాయి. పప్పు వండి, నన్ను కేకేసి, పీట వేసి కూర్చోమంది. పోయినవాళ్ల పేరున ఎవరినో కూర్చోబెట్టి ముందు వాళ్లకి వడ్డిస్తారని, ఇన్నేళ్లూ గడప బయట నుంచి చూసింది కదా.

"మనకి తద్దినాల్లేవు పిన్నీ. ఫాదర్‌గారికి తెలిస్తే కోప్పడతారు."

"తద్దినం ఎవరన్నారు? పప్పు. తిను."

"మరి రేపు వాళ్లకి ఆకు?"

"వానలు పడితే చిగురేస్తుందిలే."

ఆమె నా ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చుంది. మొహంలో ఏమీ లేదు. నేను ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. నిజంగానే తగ్గింది, ఆలోచించకుండా అనేశాను.

"ఉప్పు చాల్లేదే పిన్నీ."

పిన్ని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అదీ ఆపలేకపోయింది. పేటంతా వినపడేలా, ఏడాది ఆలస్యంగా, బాబాయిని పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చింది.

నేను తినడం ఆపలేదు. నేను ఆపితే ఆమె కూడా ఆపేస్తుందేమోనని భయమేసింది.