ఈ కొండకి బ్లూ

తప్పు పూర్తిగా నాదే. స్కీ కొండల మీద గ్రీన్ అంటే తేలిక, బ్లూ అంటే మధ్యరకం, బ్లాక్ అంటే కష్టం. మా ఊరు ట్రాయ్‌లో ఇంటి దగ్గరి గుట్ట మీద బ్లూ వాలులన్నీ పడకుండా దిగాను కాబట్టి ఇంటర్మీడియట్ పాసైపోయాననుకున్నాను. ఆ ధైర్యంతో కొలరాడో వెళ్లి, మంచి దృశ్యాలున్న బ్లూలు మాత్రమే ఏరి, నిమిషాలతో సహా ప్లాన్ రాసుకున్నాను.

కొండపైకి తీసుకెళ్లే కుర్చీ లిఫ్టులో పక్కన కూర్చున్న డెబ్బై ఏళ్ల పెద్దావిడ ఆ కాగితం చూసి ముచ్చటపడింది. పైన దిగి చూస్తే వాలు గోడలా నిలువుగా ఉంది. కిందికి వేరే దారి లేదు.

"ఇది బ్లాక్ కదండీ?"

"బ్లూయే, హనీ. ఈ కొండకి బ్లూ. ఏ కొండ రంగులు ఆ కొండవే."

బోల్టు సైజు దేశమంతా ఒకటేనని నమ్మే కార్ల ఇంజనీర్‌ని నేను! ప్లాన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆవిడ ముందు, నేను వెనక. ప్రతి మలుపులో ఆగి, "కాళ్లు చూసుకోకు, అటు ఆ శిఖరాలు చూడు" అంటూ గంటలో దింపింది. నా ప్లాన్‌లో దానికి పది నిమిషాలే.

కింద కెఫెటేరియాలో నేను తెచ్చుకున్న పెరుగన్నం, ఆవకాయ ఇద్దరం పంచుకున్నాం.

"ఈ ఎర్రది బాగా కారమా?"

"మీడియమేనండీ."

ఆవిడ ధైర్యంగా ఒక ముక్క నోట్లో వేసుకుంది. ముక్కు ఎర్రబడింది, కళ్లు నిండాయి.

"ఇది మీడియమా?" అంది గొంతు పెగుల్చుకుని.

మంచినీళ్ల గ్లాసు అందిస్తూ అన్నాను: "మా ఇంటికి మీడియం."